సోమవారం చెప్పిన అబద్ధం

మొదటి దెబ్బ నిండు బిందెతో పడింది. మా కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ క్యాంప్ 2 అనే కార్మికుల బస్తీలో వీధి కుళాయి ముందు గొంతుక్కూర్చుని సీసాలో నీళ్లు పడుతున్నాడు. లేవబోయేలోపే చెవి మీద పైపు పానా పడింది. కింద పడ్డాక కాళ్లతో తన్నారు. సీసాలు పగిలాయి. ఎవరో అతని ముఖాన్ని ఆ గాజుపెంకుల్లోకే అదిమారు.

నేను సందు మొదట్లో స్కూటర్ పడేసి పరిగెత్తుతున్నాను. నాకు కథలు పెంచి చెప్పే జబ్బు ఉందని ఊరంతా ఎరుగుదురు. ఈ ఒక్కటి మాత్రం తగ్గించే చెబుతున్నాను.

దీనికి మూలం నేనే. ప్రభుత్వాలు జనాన్ని భయపెట్టి ఎలా ఏలతాయో, పుకార్లు ఎలా పాకుతాయో, సైన్సు నోరు ఎవరు నొక్కుతారో కాలేజీలో నేను పాఠం చెబుతాను. సోమవారం క్లాసుకి ఒక ఆనవాయితీ పెట్టాను. నేనొక కథ చెబుతాను, అబద్ధమనుకున్నవాళ్లు చేతులెత్తాలి. మా నాన్న ఉక్కు ప్లాంటులో కరిగిన ఇనుము పక్కన అప్పడాలు కాల్చేవాడంటే సగం క్లాసు నమ్మింది. ఆ అప్పడాల కథ బస్తీ దాకా పాకింది కూడా.

ఆ సోమవారం కాస్త గట్టిది చెబుదామనిపించింది. క్యాంప్ 2 నీళ్లలో తుప్పు వాసన, పిల్లలకి కడుపునొప్పులు. అందుకే లెక్చరర్ ఆ నీళ్లకి పరీక్షలు మొదలుపెట్టాడు. నేను గొంతు తగ్గించి, "సీసాలో నీళ్లు పట్టేవాళ్లు వస్తారు. నీళ్లు పనికిరావని కాగితం రాస్తారు. ఆ కాగితం చూపించి బస్తీ ఖాళీ చేయిస్తారు. బుల్డోజర్ ఇప్పటికే కోహ్కాలో నిలబడింది," అన్నాను. పక్క పేట కోహ్కాలో నిజంగానే ఒక బుల్డోజర్ ఉంది, మురుగు కాలువ తవ్వుతోంది. ఇళ్లు కూలగొట్టడం కూడా ఈ జనం కళ్లారా చూసిందే. చేతులు నాలుగే లేచాయి. నేను విరగబడి నవ్వి, కథ ఎలా అల్లానో విప్పి చూపించాను.

ఎవరో ఫోన్‌లో మొదటి సగమే వీడియో తీశారు. గురువారం పొద్దున్న వైశాలి నగర్‌లో మా పిన్ని తన ఫోన్ నా చెవికి ఆనించింది. "ఏట్రా ఇది? నీ గొంతే కదేటి?" ఆ రోజు లెక్చరర్ ఎక్కడ ఉంటాడో నాకు తెలుసు. స్కూటర్ తీశాను.

గుంపులోకి దూరి అతని మీద పడ్డాను. నా వీపు మీద కూడా రెండు పడ్డాయి. "ఆపండర్రా! అదంతా నా కల్పన! నేనే అల్లాను!"

పానా పట్టుకున్న ముసలాయన మా నాన్నతో పనిచేసి రిటైరైనవాడు. "అడ్డు తప్పుకోరా. బతుకంతా కోతలే కదా నీకు. ఇనుము పక్కన అప్పడాలు కాల్సినోడి కొడుకువి, ఇప్పుడు సెప్పీది నిజమేటి?"

"మరి ఫోన్‌లో చెప్పిందీ నేనే కదా బాబాయ్!"

"అది సదువుకునే పిల్లల ముందర సెప్పేవు. కాలేజీలో అబద్ధాలు సెప్తారేటి?"

"మారో సాలే కో!" కొట్టండి వాణ్ణని వెనక నుంచి హిందీలో అరుపు. పానా మళ్లీ లేచింది. నా కింద అతని మూలుగు ఆగిపోయింది.

నిజం అక్కడ పనిచెయ్యలేదు. నాకు వచ్చిందే చేశాను. "యాసిడ్! సీసాల్లో యాసిడ్ ఉంది! పగిలిపోయింది! ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు ఉడికిపోతాయి!" ముక్కుకి రుమాలు కట్టి, కళ్లలో నీళ్లొచ్చేలా దగ్గాను. పానా నేల మీద పడింది. క్షణంలో సందు ఖాళీ.

అతను బతికాడు. ఎడమ కన్ను పోయింది. ఆసుపత్రిలో కట్ల మధ్య నుంచి అడిగాడు: "యాసిడ్ అని ఎందుకన్నారు సర్?"

"లేకపోతే చంపేసేవాళ్లయ్యా."

"మాలూమ్ హై సర్, తెలుసు. కానీ ఇక అక్కడ సీసాలో నీళ్లు పట్టనిస్తారా?"



తరవాతి సోమవారం క్లాసులో జరిగినదంతా పూస గుచ్చినట్టు చెప్పాను. అబద్ధమనుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాను. లెక్చరర్ దెబ్బలు తిన్నాడని తెలిసినా, యాసిడ్ సంగతి నా కోతే అనుకుని నవ్వుతూ అందరూ ఎత్తారు. రెండో బెంచీలో క్యాంప్ 2 అమ్మాయి ఒక్కతే ఎత్తలేదు.

"నువ్వు నమ్మావా అమ్మా?"

"ఆ వీడియో నేనే పంపాను సర్, మా నాన్నకి. నవ్వుతాడనుకున్నా." ఆమె బల్ల వైపు చూస్తూనే మాట్లాడింది. "ఇప్పుడు మా సందులో సీసా కనిపిస్తే చాలు, యాసిడ్‌వాళ్లు అంటున్నారు. తాగేది మాత్రం ఆ నీళ్లే. మీరొచ్చి చెప్పండి సర్."

"నేను చెబితే నమ్మరమ్మా."

"అయితే చెప్పకండి," అంది. "రండి."

మర్నాడు పొద్దున్న రెండు సీసాలతో ఆ కుళాయి ముందు గొంతుక్కూర్చున్నాను. అమ్మాయి పక్కనే నిలబడింది. వెనక ఎవరో బిందె దించిన చప్పుడైంది. ఇంకెవరిదో చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. నేను తిరిగి చూడలేదు. మొదటి సీసా నింపి, అందరికీ కనిపించేలా ఎత్తి, గటగటా తాగేశాను. తుప్పు నాలుకకి అంటుకుంది.

రెండో సీసా పరీక్షకి నింపి మూత బిగించాను.