మేనత్తకు మొలిచిన దవడ

మా మేనత్త పోయిందని ఫోన్‌లో చెప్పిన డాక్టరు చివర్న ఇంకో మాట కూడా అన్నాడు: "దవడ ఎముక మాత్రం చాలా బాగా కట్టిందమ్మా." ఇల్లంతా కాలిపోయాక గడప భలే నిలిచిందని చెప్పినట్టుంది. ఫోన్ పెట్టేసి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మంచివాడే. అయినా తిట్టాను.

అత్త పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండేది. మీలో ఎవరైనా ఆ చేతి కూర తిని ఉంటే నేను చెప్పాల్సిన పనే లేదు. అక్కడ అంతమందికి వండి, ఇంద్రేశంలోని ఇంటికొచ్చి మళ్లీ నాకు ముద్దలు కలిపి పెట్టేది. ఆ ముద్దలతోనే పెరిగాను. ఆమె మటన్ కూరలోని నల్లిబొక్కను, అదే మూలుగ ఎముకను, జుర్రి, కొరికి, పిప్పి చేసి గానీ వదిలేది కాదు. నేను వదిలేస్తే, "ఏందే కోడలా, గట్లనే ఇడిచిపెట్టినవ్? నీ కోసం పానం ఇచ్చింది, దానికి జెర మర్యాద ఇయ్యి" అనేది. ఆ నోట్లోనే జర్దా కూడా ఉండేది. ఎంత మొత్తుకున్నా మానలేదు. క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు కింది దవడ తీసేశారు.

ముఖం ఒక పక్కకు కుంగిపోయింది. ఆ తర్వాత కొండాపూర్‌లో చుట్టాల పెళ్లికి వెళ్తే, బంతిలో కూర్చున్న అత్త దగ్గరికి పెళ్లికూతురి తల్లి వచ్చి, "వదినా, లోపల కూలర్ ఉన్నది, ఆడ సల్లగ కూసొని తిందువు రా" అంది. అత్త లేచి లోపలికి వెళ్లింది. ఏమీ తినకుండా ఇంటికొచ్చేసింది. అప్పటినుంచి మా ముందు కూడా గోడవైపు తిరిగే తినేది. మామ అన్నం, కూర మిక్సీలో వేసి మెత్తగా తిప్పి ఇచ్చేవాడు. "గీ మిక్సీ సప్పుడు ఇంటెనే నా ఆకలి సస్తది" అని ఆయన్నే కసిరేది.

జబ్బు జాడ లేదని కొన్నేళ్లు చూశాక, హైదరాబాద్‌లో ఆ డాక్టరే కొత్త వైద్యం సంగతి చెప్పాడు. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని మూలకణాలను ల్యాబ్‌లో పెంచి, దవడ ఆకారంలో ఉన్న జాలీలో నింపి అమరుస్తారట. అక్కడ కొత్త ఎముక పుడుతుందట. అది గట్టిపడితే దానికి పళ్లు బిగిస్తారు. ఇంకా పరిశీలనలోనే ఉంది, ఖాయంగా చెప్పలేను అని కూడా అన్నాడు. అత్త నవ్వింది. "ఇన్నేండ్లు ఊకె కూసున్న బొక్క సారూ. ఇగ జెర పని చెయ్యనియ్యి."

ఎముక పెరిగింది! ఎక్స్‌రేలో ఖాళీగా ఉన్న చోట తెల్లటి నీడ చూపిస్తూ డాక్టరు మురిసిపోయాడు. తిరుగు బస్సులో అత్త చెంప మీంచి చెయ్యి తియ్యలేదు. "పండ్లు వెట్టినంక యాటను కోయిస్త. పెండ్లిల నన్ను లోపలికి తోలింది సూడు, దాన్ని పిలుస్త. దాని ఎదురుంగనే కూసొని తింట." ఇంకేమీ కోరలేదు ఆమె.

పళ్లు బిగించే సమయానికి దగ్గు మొదలైంది. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో తేలింది. కొత్త ఎముకకూ దీనికీ సంబంధం లేదన్నారు. ఒళ్లు తట్టుకోదని పళ్ల పని ఆపేశారు. "ఇగ పండ్లెందుకు, పాపం" అని చుట్టాలు మంచం పక్కనే నిలబడి అన్నారు. అత్తకు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. డాక్టరు రాగానే ఆయన చెయ్యి పట్టుకుంది. "పండ్లు వెట్టి సావనియ్యి సారూ." ఆమె ఎక్స్‌రేను డాక్టర్ల సభలో చూపించుకోవచ్చా అని అడగడానికి వచ్చాడు ఆయన, పాపం; అదే అడిగాడు.

"సూపిచ్చుకో. గా బొక్కతోని ఏం తిన్నదని అడిగితె ఏం జెప్తవ్?" అంది అత్త.

అత్త పోయిన మూడో రోజు ఇంటి వెనక ఖాళీ ప్లాట్‌లో పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెడతాం. కాకి ముట్టకపోతే కోరిక మిగిలిందని లెక్క. ఆ రోజు వంటింట్లోంచి మిక్సీ మోత వినబడింది. వెళ్లి చూస్తే మామ మటన్ కూరను మెత్తగా తిప్పుతున్నాడు. చేతికి అలవాటైపోయింది. ఆ ముద్దే ఆకులో పెట్టాం. కాకులు గోడ మీంచి చూశాయి గానీ దిగలేదు.

"మనసుల ఏందో వెట్టుకోని పోయినట్టున్నది" అంది ఒకావిడ. ఎవరా అని చూస్తే ఆ పెళ్లికూతురి తల్లే! నాకు ఒళ్లు మండిపోయింది. మిగిలిన కూర గిన్నెలో చెయ్యి పెట్టి నల్లిబొక్క తీసి ఆకు మీద పడేశాను. కాకి దిగేలోపే వీధికుక్క ఒకటి దూరి దాన్ని కరుచుకుంది. నేను రాయి ఎత్తాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కొట్టకు బిడ్డా. నమలనియ్యి."

కుక్క ఎక్కడికీ పోలేదు. ఆ పెళ్లికూతురి తల్లి ఎదురుగానే పడుకుని, బొక్కను ముందుకాళ్ల మధ్య పట్టుకుని, పటపటమని నమిలింది.