అవ్వకు చెప్పిన అబద్ధం

నేను ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాను. నడుము నొప్పి వల్ల వెనక్కి వాలి తొక్కే సైకిల్ కొన్నాను. పెనుకొండ దగ్గరి వాలు రోడ్డును సైకిల్ మీద ఎవరు ఎంత వేగంగా దాటారో ఫోన్‌లో ఒక యాప్ చూపిస్తుంది. హిందూపురం మిత్రుడు శీనప్ప నాకంటే నాలుగు సెకన్లు ముందున్నాడు.

మొన్న వేసవిలో ఒక ఉదయం ఆ రికార్డు కొట్టాలని ఫోన్ చూసుకుంటూ దూసుకొస్తున్నాను. తలెత్తేసరికి ఎదురుగా కట్టెల మోపుతో ఒక అవ్వ! పక్కకు తిప్పి, ఆమె కొంగును రాసుకుంటూ వెళ్లి కంపచెట్లలో పడ్డాను.

తిడుతుందనుకున్నాను. ఆమె మోపు పారేసి పరుగున వచ్చి నా మోచేతి నెత్తురు తుడిచింది.

"ఇంత తొందరగా యాడికి పోతాండావు నాయనా?"

నిజం చెప్పడానికి సిగ్గేసింది. "మా అమ్మ ఆస్పత్రిలో ఉండాదవ్వా" అనేశాను.

"అయ్యో! అట్లయితే నిలబడొద్దు, పో" అంటూ తనే సైకిల్ లేపింది.

ఇప్పుడు ఆ రోడ్డున మెల్లగా వెళ్తున్నాను, అవ్వ కనిపిస్తే నిజం చెప్పాలని. ఇంతవరకూ కనిపించలేదు.