విగాతి ఇంటి గడప

పడవ కదలాలంటే రేవు ఆఫీసు చీటీ కావాలి. ఆ ఉదయం చీటీ రాలేదు. వెబ్ పేజీలో మీట నొక్కినప్పుడల్లా ఖాళీ కాగితం వచ్చి వెక్కిరించింది.

ఆ పేజీ తయారుచేసింది విగాతి. టైపిస్టుగా చేరి, పదకొండేళ్లలో కంప్యూటర్ల పని సొంతంగా నేర్చుకుని, ఏ యంత్రం మొరాయించినా అందరూ ముందుగా విసుక్కునే మనిషి అయింది.

కిటికీ దగ్గర పడవ యజమాని సర్కాన్ నిలబడ్డాడు; ఆమెకు అతను 'పాక్‌దే', అంటే పెదనాన్న వరస, అతనికి ఆమె 'నోక్', అంటే చిట్టితల్లి. "నోక్, పడవలో ఐసు కరిగిపోతోంది. పన్నెండు దాటితే ఆటుకి నీళ్లు వెనక్కి పోతాయి, పడవ బురదలో కూలబడుద్ది. చీటీ వచ్చేలోపు నేనిక్కడే ముసలాణ్ణయిపోయేలా ఉన్నానే!"

"మీరింక కొత్తగా అవ్వాలా పాక్‌దే?" అంది విగాతి.

చీటీ తయారుచేసే ప్రోగ్రాంను తన పేరుతో నడిపింది. చక్కగా వచ్చింది. పేజీ నుంచి నడిపితే మళ్లీ ఖాళీ కాగితమే.

"కంప్యూటర్లో పెట్టిన తాళాలన్నీ తీసిపారెయ్ బూ. ఎవరైనా ఏదైనా చేసుకునేలా," అన్నాడు హెందార్తో అనే అధికారి. ఆ ఆఫీసులో మర్యాదకు ఆడవాళ్లను 'బూ' అనీ, మగవాళ్లను 'పాక్' అనీ పిలుస్తారు.

"తాపీమేస్త్రీ వస్తున్నాడని మీ ఇంటి తలుపులన్నీ ఊడబీకేస్తారా పాక్?"

ఆ మాట అన్నాకే ఆమెకు తట్టింది. పేజీ వెనక పనిచేసేది తను కాదు. సర్వర్‌కు వేరే పేరుతో ఒక ఖాతా ఉంది, కంటికి కనిపించని గుమాస్తా లాంటిది. ఆ పేరుతోనే అదే ఆజ్ఞ ఇచ్చి చూసింది. 'అనుమతి లేదు' అని వచ్చింది. పొద్దుటి నుంచి దొరికిన మొదటి జవాబు అది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

ప్రోగ్రాం ఉన్నది ఆమె సొంత ఫోల్డర్‌లో. నిన్న సాయంత్రం, భద్రత కోసమని, దాన్ని ఇతరులెవరూ అడుగుపెట్టకుండా మూసింది తనే. దాంతో గుమాస్తా గడప దగ్గరే ఆగిపోయాడు. ఆమె ప్రోగ్రాంను అందరూ వాడుకునే చోటికి మార్చి, నడపడానికి మాత్రం అనుమతి ఇచ్చింది, మార్చడానికి ఇవ్వలేదు. పదకొండున్నరకు చీటీ వచ్చింది.

"యంత్రం పాడైందని రాసేస్తాలే," అన్నాడు అధికారి హెందార్తో.

"వద్దు పాక్, తప్పు నాదనే రాయండి."

ఆమె గుమాస్తా సంగతి చెప్తే విని, సర్కాన్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పాపం, పొద్దుటి నుంచీ నీ గుమ్మంలో నిలబడ్డాడన్నమాట. వాడు ఒక్కసారన్నా పిలవలేదా నోక్?"

విగాతి పేజీ వెనకున్న కోడ్ తెరిచింది. రెండేళ్ల కిందట, సందేశాలు విసిగిస్తున్నాయని, ప్రోగ్రాం చెప్పే తప్పులన్నీ చెత్తలో పడెయ్యమని ఒక ముక్క రాసింది. అది ఇంకా అక్కడే ఉంది.

"పిలిచాడు పాక్‌దే. వాడి నోరు నొక్కింది నేనే."

సిగ్గుతో ఆ ముక్క చెరిపేసింది. రేవులోంచి పడవ మోటారు చప్పుడు వినిపించాకే అన్నం పొట్లం విప్పింది.