ఫైళ్లకు సంబంధాలు చూసిన విమలక్క

ట్యాబ్ మీట నొక్కితే వచ్చే ఆ చిన్న 'టక్' శబ్దం వింటే చాలు, నాకు తాండూరులో విమలక్క స్టూడియోలోని అల్లం చాయ్ వాసన వస్తుంది. ఇప్పుడు వికారాబాద్‌లో నాకంటూ ఒక ఫోటో స్టూడియో ఉంది. ఈ ఉదయమే కొత్త కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఫైల్ మేనేజర్‌ను ఒక్క ఆల్బమ్ వెతకమంటే పచ్చగీత నత్తలా పాకింది. ఓపిక నశించి, రెండు ఫోల్డర్లను పక్కపక్క గడుల్లో చూపించే నా పాత ఫైల్ మేనేజర్ ఎక్కించి, ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లే ట్యాబ్ నొక్కాను. విమలక్క పక్కన నిలబడినట్టే అనిపించింది.

విమలక్క దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఫోటోలు ఆమె తీసేది, ఆల్బమ్‌లు నేను తయారుచేసేదాన్ని. కంప్యూటర్‌తో వచ్చే ఫైల్ మేనేజర్ అంటే ఆమెకు ఒళ్లు మంట. ఒక ఫోల్డర్ తెరిస్తే ఇంకొకటి దాని మీదెక్కి కూర్చునేది. ఏ ఫోల్డర్ ఎంత బరువో, ఎన్ని జీబీలో చెప్పమంటే నోరు విప్పేది కాదు. "ఇంటికి ఒక్కటే కిటికి వెట్టి ఊరంత చూడుమన్నట్టుంది బిడ్డా!" అని విసుక్కునేది.

అందుకే మంచి ఫైల్ మేనేజర్ కోసం సంబంధాలు చూడటం మొదలుపెట్టింది. దొరికిన ప్రతిదానికీ పెళ్లిచూపులే, ఒక్కోదానికి వారం గడువు. "మస్తు అందంగున్నది గని, పని జెప్తే పండుకుంటది" అని ఒకదాన్ని పంపేసింది. ఇంకొకటి ప్రతిదానికీ 'నిజంగానేనా?' అని అడిగేది. "గీ అనుమానపు పిలగాడు మనకొద్దు" అంది. నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే నా వల్ల ఒక ఘోరం జరిగింది. కుల్కచర్ల పెళ్లి ఫోటోల ఫోల్డర్‌ను మౌస్‌తో పక్కకు లాగుతుంటే తుమ్ము వచ్చి వేలు జారింది. అది ఎక్కడ పడిందో నేను గమనించనే లేదు. కంప్యూటర్ ఆపేసి టిఫిన్‌కు వెళ్లి, తిరిగి వచ్చి చూస్తే ఫోల్డర్ లేదు. కెమెరా కార్డులు అప్పటికే తుడిచేశాను, ఇంకెక్కడా కాపీ లేదు. సాయంత్రం నాలుగింటికి పెళ్లికూతురి తల్లి ఫోటోలు ఎంచుకోవడానికి వస్తుంది. ఆ పెళ్లి మళ్లీ జరగదు కదా! ఏడుస్తూనే అక్కకు చెప్పాను.

"ఏడ్సుడు తర్వాత. జర జరుగు" అని నా కుర్చీలో కూర్చుంది. ఆ వారం పెళ్లిచూపుల్లో ఉన్నది రెండు గడులది. దాన్ని ఫోల్డర్లన్నిటి బరువులూ చూపించమంది. ఒక్కొక్కటే చూస్తూ వచ్చి, పరిగి పాప పుట్టినరోజు ఫోల్డర్ దగ్గర ఆగింది.

"ఏడాది పొల్లకు గింత బరువేంది బిడ్డా? కడుపుల ఎవరినో దాసుకున్నది!"

తెరిచింది. లోపల పసుపు ముఖంతో కుల్కచర్ల పెళ్లికూతురు నవ్వుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "గిదే మన అల్లుడు, ఖాయం జేసినం" అంది అక్క, ఆ రెండు గడులదాన్ని చూపిస్తూ. నాలుగింటికి వచ్చిన ఆ తల్లి మూట విప్పి జొన్నరొట్టెలు పెడితే, ఏమీ ఎరగనట్టు ఇద్దరం కూర్చుని తిన్నాం.

తర్వాత అక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "ఎడమ దిక్కు ఉన్న జాగ, కుడి దిక్కు పోయే జాగ. రెండు కనవడాలె. కాపీ చెయ్, అటు వోయి చూస్కో, అప్పుడు ఇటు తుడువు. కట్ మాత్రం చెయ్యకు."

నాలుగేళ్ల తర్వాత సొంత స్టూడియో పెట్టుకోవాలనిపించింది. ఆమెకెలా చెప్పాలో తెలియక వారం రోజులు నలిగిపోయాను. ఏడో రోజు తనే అడిగింది.

"వికారాబాద్ పోతున్నవంట గదా?"

తల దించుకున్నాను. అన్నం పెట్టిన చోటును వదిలిపోతున్నానని సిగ్గుగా ఉంది. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, ఎడమ గడిలో 'తాండూరు', కుడి గడిలో 'వికారాబాద్' అని రెండు ఫోల్డర్లు చేసింది. నేను తయారుచేసిన ఆల్బమ్‌లన్నీ ఎడమ నుంచి కుడికి పంపి, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది.

"కాపీ చేస్కపో బిడ్డా. కట్ చెయ్యకు. ఈడ గూడ ఉండాలె నువ్వు."

ఇది రాస్తుండగానే ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: "ఇంకో సంబంధం దొరికింది. ఐతారం రా, చూద్దాం." ఆదివారం వస్తానని జవాబిచ్చి, ట్యాబ్ నొక్కి, అక్క ఇచ్చిన ఆల్బమ్‌లను 'తాండూరు' అని పేరు పెట్టి దాచుకున్న ఎడమ గడికి వెళ్లాను. తాండూరు అక్కడే ఉంది.