వంకలాయన రాసిన చీటీ

మా అక్క మొగుణ్ని ఎదురుగా 'బావా' అంటాను. వెనకాల మాత్రం 'వంకలాయన' అంటాను. ఆ పేరు పెట్టింది నేనే. ఆయనకీ తెలుసు కాబట్టి దాచాల్సిన పనేమీ లేదు. పెళ్లయ్యాక మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, అమ్మ ఎదురెళ్లి "రా నాయనా, లోపలికి రా" అంటుంటే, ఈయన గుమ్మంలోనే ఆగిపోయి, "తలుపు కీలు జారిందండీ, నేలని గీరుతోంది" అన్నాడు. మా ఇంట్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఇరవై రెండేళ్లుగా అదే వరస. టీ ఇస్తే కప్పు పిడి కదులుతోందంటాడు. గోడ మీద ఫోటో చూపిస్తే ఫ్రేము ఎడమకి ఒరిగిందంటాడు. మొదటి జీతంతో ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న సంచీ చూపిస్తే, తిప్పి తిప్పి చూసి, "అడుగున కుట్టు వదులుతోంది" అన్నాడు. ఒళ్లు మండదా మరి?

ఆయన కుట్టుమిషన్ల మెకానిక్. వీధివైపు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. పొద్దున్న ఎనిమిదింటికి స్టూలు మీద కూర్చుంటే అన్నానికి తప్ప లేవడు. షాపులో ఉన్న ప్రతి మిషన్‌కీ పురికొసతో ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. దాన్ని చీటీ అంటాడు. పైన 'ఎవరిది' అని రాసి, పక్కన పేరుకి ఖాళీ. కింద ఆ మిషన్‌కున్న లోపాలన్నీ వరసగా: దారం తెగుతోంది, పెడల్ బిగుసుకుంది, బెల్టు సాగింది. ఒక్కోటీ బాగుచేసి, దాని మీద గీత పెట్టి కొట్టేస్తాడు. పాత మిషన్లలో కొన్ని లోపాలు ఎంత కిందామీదా పడినా పోవు. వాటిని కొట్టేయడు. పక్కన 'ఇలాగే నడుస్తుంది' అని రాస్తాడు. ఎవరైనా మిషన్ తెచ్చి, "బాగానే ఉందండీ, ఊరికే ఒకసారి చూడండి" అన్నారా, అయిపోయారే! "బాగుంటే ఇక్కడికెందుకు మోసుకొచ్చారు? ఏం పాడయిందో చెప్పండి, లేదంటే తీసుకెళ్లండి" అంటాడు.

ఇక నా సంగతి. నేను కుక్కల షెల్టర్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. గదులు కడగడం, మందులు వేయడం, పెంచుకోవడానికి కావాలని వచ్చినవాళ్లకి కుక్కల్ని చూపించడం నా పని. ఒక్కో గది తలుపుకీ ఒక అట్ట తగిలించి, అందులో కుక్క గురించి నాలుగు మంచి ముక్కలు రాయడం కూడా నా పనే. ఆ రాతలో నాది అందె వేసిన చేయి. పట్టిన పట్టు వదలని మొండిదాన్ని 'ఆత్మాభిమానం ఎక్కువ' అని రాస్తాను. రోజంతా మొరిగేదాన్ని 'ఇంటికి మంచి కాపలా' అని రాస్తాను. తప్పేముంది? వాటికి ఇల్లు దొరకాలి కదా!

మా షెల్టర్‌లో ఒక ముసలి కుక్క ఉండేది. మూతి నిండా తెల్లజుట్టు, మనుషుల్ని తేరిపార చూసే చూపు. అందరం 'తాతగారు' అని పిలిచేవాళ్లం. వయసు పదమూడు దాటింది. గుండె కవాటం సరిగ్గా మూసుకోదు, అందుకని దగ్గు. పొద్దున్న ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ తప్పకుండా మాత్రలు పడాలి. మాత్రలు పడితే రెండు మూడు గంటలకోసారి ఒంటికి పోసుకోవడానికి బయటికి తీసుకెళ్లాలి. ఇవన్నీ ఉన్నదున్నట్టు అట్ట మీద రాసి రెండేళ్లు తగిలించాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ గది ముందు ఆగితే ఒట్టు.

రెండేళ్లు చూశాక నాకు తిక్కరేగింది. ఆ అట్ట చింపేసి, కొత్తది రాశాను: 'నెమ్మదస్తుడు, ప్రేమగా ఉంటాడు, ఆరోగ్యంగా ఉన్నాడు.' వారం తిరక్కుండానే ఒక జంట వచ్చింది. "ఎంత ముద్దొస్తున్నాడో!" అని ఆవిడ తాతగారి మెడ కావలించుకుంది. మాత్రలు సీసాలో పోసి ఇచ్చి, "బలానికి" అన్నాను. ఎంత బుద్ధి లేని మాటో అప్పుడు తెలియలేదు. మూడో రోజున తెచ్చి గేటు దగ్గర దింపేశారు. "దగ్గుతోంది, తివాచీలన్నీ పాడుచేసింది, మీరు మాకు అబద్ధం చెప్పారు" అన్నారు. తాతగారు తన గదిలోకి నడిచి వెళ్లి, గోడవైపు మొహం పెట్టి పడుకున్నారు. పిలిస్తే చెవి కదలదు. గిన్నె పెడితే చూడరు. నాలుగు రోజులు చేత్తో తినిపించాను. అప్పట్నుంచి మనుషులెవరు లోపలికి వచ్చినా గోడవైపు తిరిగిపోవడమే. ఇది నేను చేసిన పాపం అనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు.

ఇంతలో షెల్టర్ ఉన్న స్థలం ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊరి బయట ఎక్కడో పెద్ద మైదానం చూశారు. చుట్టూ కంచె, ఒక్కడే కాపలావాడు, రోజుకోసారి తిండి. వయసులో ఉన్న కుక్కలకి ఫరవాలేదు, పరిగెత్తుతాయి. తాతగారికి ఏడింటికి మాత్ర ఎవడు వేస్తాడు? డాక్టరమ్మని అడిగితే నా మొహంలోకి చూడకుండానే చెప్పింది. "మాత్రలు ఆగితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందమ్మా. వారం గడిస్తే గొప్ప." నేనే తీసుకెళ్దామంటే, అమ్మానాన్నల కాలం నుంచీ మేముండేది అద్దిల్లే, ఓనరు గడప తొక్కనివ్వనన్నాడు. రెండుసార్లు బతిమాలాను. రెండోసారి ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనని నోరు మూసుకున్నాను. ఆదివారం పొద్దున్నే వ్యాను వస్తుంది. ఆలోగా ఇల్లు దొరకాలి. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాను. బావ మాత్రం నా తలపుకి కూడా రాలేదు. కప్పు పిడి కదిలితేనే ఓర్చుకోలేని మనిషి!

గురువారం నాడు మా కుట్టుమిషన్ మొరాయించింది. పాత బట్టలతో కుక్కలకి పరుపులు కుట్టే మిషన్ అది. ప్రయాణానికి ఇంకా పది పరుపులు కావాలి. వేరే దారి లేక బావకి ఫోన్ చేశాను. శుక్రవారం మధ్యాహ్నం పనిముట్ల సంచీతో దిగాడు. దిగుతూనే మొదలుపెట్టాడు.

"గేటు గొళ్లెం సగమే పడుతోంది."

"నమస్కారం బావా."

"బోర్డు మీద ఫోన్ నంబరు చెరిగిపోయింది. ఆఖరి అంకె ఏడో ఒకటో తెలీట్లేదు. ఎవరైనా ఎలా ఫోన్ చేస్తారు?"

పళ్లు నూరుకుంటూ లోపలికి తీసుకెళ్లాను. మిషన్‌లో కింది దారాన్ని తిప్పే షటిల్ అరిగిందట. పావుగంటలో మార్చేశాడు. చేతులు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చి, తాతగారి గది ముందు ఆగాడు. నేనింకా తీసేయని ఆ అబద్ధపు అట్ట చదివాడు. లోపల తాతగారు గోడవైపు తిరిగి దగ్గుతున్నారు.

"ఇదేంటిది?" అన్నాడు.

"ఏది?"

"ఆరోగ్యంగా ఉన్నాడు అని రాశారు. ఇది దగ్గుతోంది కదా! ఎవరీ తప్పుడు రాత రాసింది?"

ఆ మాటతో నాకు పూనకమే వచ్చింది. వారం రోజులుగా కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చేసింది.

"నేనే రాశాను! తప్పుడు రాతే! ఏం, వంకలు కావాలా మీకు? చెప్తాను, వినండి. గుండె పాడయింది. రోజుకి రెండుసార్లు మాత్రలు!"

బావ జేబులోంచి అట్టముక్క తీశాడు. చెవి మీది పెన్సిల్ తీసి రాయడం మొదలుపెట్టాడు. అలవాటు మరి.

"ఊఁ, ఇంకా?"

"ఎడమ కన్ను కనపడదు. గుమ్మాలకి గుద్దుకుంటాడు!"

"ఇంకా?"

"వెనక కాళ్లు నున్నటి నేల మీద జారతాయి! పళ్లు లేవు, గట్టిది నమల్లేడు! వంగి తింటే దగ్గొస్తుంది! చెవిలో పుండు, ఎన్ని మందులేసినా మళ్లీ వస్తుంది! రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లకపోతే ఉన్నచోటే పోసేస్తాడు!"

"నెమ్మదిగా చెప్పు, రాసుకోవద్దూ? చెవి ఏ వైపుది?"

"కుడి." తాతగారి వైపు చూశాను. "ఇంకొకటుంది. ఒకళ్లు తీసుకెళ్లి, వద్దని తెచ్చి పడేశారు. నేను అబద్ధం చెప్పడం వల్లే. అప్పట్నుంచి ఇలా గోడవైపే తిరిగి పడుకుంటాడు. దానికి డాక్టరమ్మ దగ్గర కూడా మందు లేదు బావా."

ఆయన అదీ రాశాడు. రాసింది మొత్తం పైనుంచి కింద దాకా ఒకసారి చదువుకున్నాడు. పైన 'ఎవరిది' దగ్గర పెన్సిల్ ఆగింది. అక్కడేమీ రాయలేదు. చీటీ జేబులో పెట్టుకున్నాడు.

"మాత్రలు ఎన్నింటికి?"

"ఏడింటికి. పొద్దున, సాయంత్రం."

"ఊఁ" అన్నాడు. సంచీ భుజానికి తగిలించుకుని, పోతూ పోతూ గేటు గొళ్లెం రెండు దెబ్బలు కొట్టి సరిచేసి వెళ్లిపోయాడు.

ఆ 'ఊఁ'కి అర్థమేంటా అని ఆ సాయంత్రమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. తీసుకుంటానన్నట్టా? ఊరికే అడిగాడా? పోనీ ఆయన ఒప్పుకున్నా అక్క ఒప్పుకోవాలి కదా. కాలికి కాస్త మట్టి అంటుకుంటేనే ఇల్లు మూడుసార్లు తుడిచే రకం ఆవిడ. ఫోన్ చేద్దామని తీసి, కాదంటారేమోనని భయమేసి పెట్టేశాను.

శనివారం పొద్దున్న అక్కే ఫోన్ చేసింది.

"ఏమే, మా ఆయనకి ఏం మందు పెట్టావే నువ్వు?"

"నేనేం చేశానక్కా?"

"పొద్దున్న లేచింది మొదలు షాపులో నేలంతా గోనెపట్టాలు పరిచి మేకులు కొడుతున్నాడు. ఏంటండీ ఇది అంటే, కాళ్లు జారతాయట అంటాడు. ఎవరి కాళ్లే? ఇరవై రెండేళ్లుగా నేను నడుస్తున్నాను, నా కాళ్లు జారతాయని ఒక్కనాడైనా అనుకున్నాడా?"

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"నవ్వకు! మాత్రలకి అలారం పెట్టమని నా ఫోనే ఇచ్చాడు. నా వంటింట్లో మాత్రం అడుగు పెట్టకూడదు, ముందే చెప్తున్నా. ఇంతకీ గట్టిది నమల్లేదటగా, ఏం పెడుతున్నారు దానికి? మెత్తగా ఉడికించి పెట్టాలా?"

అమ్మయ్య! ఆ మాట అంత గట్టిగా నా జన్మలో అనుకోలేదు. మధ్యాహ్నం బావ ఆటో తెచ్చాడు. తాతగారు ఎక్కమంటే ఎక్కరు, గోడ వదలరు. బావ బతిమాలలేదు, ముద్దు చేయలేదు. పక్కన నేల మీద చతికిలబడి, గది తలుపు కీలుకి నూనె రాస్తూ కూర్చున్నాడు. అరగంట గడిచాక తాతగారే లేచి వచ్చి, ఆ నూనె చేతిని వాసన చూశారు. ఆదివారం వ్యాను వచ్చినప్పుడు తాతగారి గది ఖాళీగా ఉంది. అన్నిటినీ ఎక్కించి పంపి, ఆ ఖాళీ గది గట్టు మీద కూర్చుని తృప్తిగా టీ తాగాను.

అయినా నెల్లాళ్లు వాళ్లింటికి వెళ్లలేదు. వెళ్తే "తీసుకుపో" అంటారేమోనని లోపల ఒక భయం. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని కదా. ఒకరోజు బయటికి వెళ్తూ మా వీధి తలుపు మూస్తుంటే తట్టింది. ఈ తలుపు నేలని గీరడం ఎప్పుడు మానేసింది? ఇరవై రెండేళ్ల కిందట, ఆ మాట అన్న మధ్యాహ్నమే. బావ మా నాన్న పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని కీలు బిగించాడు. నా సంచీ అడుగు కుట్టు? అదీ ఆయనే వేసిచ్చాడు, ఇప్పటికీ వాడుతున్నాను. వంక పెట్టడం గుర్తుంచుకున్నాను, తర్వాత జరిగింది మాత్రం శుభ్రంగా మర్చిపోయాను. సిగ్గేసింది. చెప్పులేసుకుని తిన్నగా వాళ్లింటికి వెళ్లాను.

బావ స్టూలు మీద వంగి పనిచేసుకుంటున్నాడు. తాతగారి గిన్నె, వంగే పని లేకుండా, కోసిన ఒక మిషన్ స్టాండు మీద ఉంది. గుమ్మాలకి రెండువైపులా పాత గుడ్డ చుట్టి ఉంది. బాగుచేసిన ప్రతి మిషన్‌నీ పాత గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూడాలి కదా, ఆ కుట్లతోనే ఇప్పుడు తాతగారికి పరుపులు తయారవుతున్నాయట. తాతగారు మాత్రం ఏ పరుపు మీదా లేరు.

"తాతగారేరీ?" అన్నాను.

"ఎక్కడుంటుంది? వంటింట్లో, మీ అక్క కాళ్ల దగ్గర."

గోడకి మేకు మీద పురికొసతో చీటీ వేలాడుతోంది. చేతిలోకి తీసుకున్నాను. కాళ్లు జారడం, కొట్టేశాడు. వంగితే దగ్గు, కొట్టేశాడు. చెవిలో పుండు, కొట్టేశాడు. గుండె: ఇలాగే నడుస్తుంది. ఎడమ కన్ను: ఇలాగే నడుస్తుంది. అట్టడుగున 'గోడవైపు తిరిగి పడుకోవడం'. దాని మీద రెండు గీతలు, పెన్సిల్ ఒత్తి పట్టి కొట్టేసినవి. పైన, ఆ రోజు ఖాళీగా వదిలేసిన 'ఎవరిది' పక్కన ఒకే మాట ఉంది. 'మనది.'

కళ్లు తుడుచుకుంటుంటే బావ తలెత్తి చూశాడు.

"ఏమైంది? ఏదైనా తప్పు రాశానా?"

"లేదు బావా" అన్నాను. "ఒక్క వంక కూడా లేదు."