ఊఫర్ లేని స్పీకర్

వనపర్తిలో మేముంటున్న అపార్ట్‌మెంటులో అడ్డగోడలు మరీ పల్చన. పక్కింటి అక్క వాళ్ల కుక్కర్ కూత వేస్తే నేను లేచి మా స్టౌ ఆపేసిన రోజులున్నాయి. అందుకే మా ఆయన పాటలకు స్పీకర్ కొందామన్నప్పుడు, ఏది కొన్నా చప్పుడు మన గోడ దాటకూడదని ముందే చెప్పాను. ఆ సాయంత్రం ఏడు నెలల పాపను ఎత్తుకొని దుకాణానికి వెళ్లాం.

పాపను కౌంటర్ మీద కూర్చోబెట్టి, నడుము పట్టుకొని నిలబడ్డాను. మా గోడల సంగతి విని దుకాణదారు ముందుగా రెండు చిన్న స్పీకర్లు పెట్టాడు. సౌండ్ ఎక్కువలో ఉన్నట్టుంది, సన్నాయి ఒక్కసారిగా చెవుల్లో పడింది. నేను అదిరిపడ్డాను. ఫ్యాను కొనడానికొచ్చిన ముసలాయన "అరే, పానం తీస్తవా ఏందిరా!" అని తిట్టాడు. పాప మాత్రం రెప్ప కొట్టలేదు. పైన వెలిగే లైటునే చూస్తోంది.

నేను పాప ముఖంలోకి వంగి చూశాను.

"జర ఆ పెద్దది గూడ పెట్టన్నా," అన్నాడు మా ఆయన.

"గోడలు పల్చగుంటే ఊఫర్ వద్దు సార్. కిందింటోళ్లు కట్టెలు పట్టుకొనొస్తరు," అంటూనే దుకాణదారు పెట్టాడు.

ఊఫర్ దడదడ మొదలవగానే పాప కిలకిలా నవ్వి చేతులు ఊపింది.

"చూసినవానే? నా బిడ్డకు పెద్దదే కావాల్నంట!"

హమ్మయ్య. వింటోంది. ఆ నిమిషంలోనే దుకాణదారు, "గీడ చెయ్యి పెట్టి చూడక్కా, ఇదే మీ గోడలకు పోయేది," అన్నాడు. కౌంటర్ మీద అరచెయ్యి ఆనించాను. చెక్క వణుకుతోంది. పాపను కౌంటర్ మీద నుంచి ఎత్తుకున్నాను. పాట ఆగలేదు. పాప నవ్వు ఆగింది. మళ్లీ లైటు వైపు చూసింది.

మా ఇంట్లో పాపను పడుకోబెట్టే చీర తొట్టెల కొక్కెం పక్కింటి వాళ్లకూ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడకే దిగ్గొట్టి ఉంది. గోడ అవతల అక్క వాళ్ల టీవీ, దాని పెద్ద స్పీకర్ బాక్సు. అక్కడ పాట మొదలైతే పాప తొట్టెల్లో కాళ్లు ఆడించేది. పాటలంటే ఎంత పానమో అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేనూ నమ్మాను. నెలల తరబడి మేమంతా చూసి మురిసింది గోడ వణుకునా?

చిన్న స్పీకర్లే తీసుకున్నాం. దారిలో మా ఆయనకు ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చాక వాటి కింద మడిచిన బొంత వేశాను, పాపను ఇంకో బొంత మీద కూర్చోబెట్టాను. పాప వెనక నుంచి పాట పెట్టమని మా ఆయనతో అన్నాను.

"గింతనా? ఇంకా పెంచనా?"

"పెంచు."

పాప ప్లాస్టిక్ గాజును నోట్లో పెట్టుకొని చప్పరిస్తోంది.

"ఇంకా పెంచు."

తలుపు దబదబా మోగింది. పక్కింటి అక్క. "ఏందమ్మా చెల్లె, పెండ్లి మీ ఇంట్లనా, మా ఇంట్లనా?" అంటూ లోపలికొచ్చి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఏమైందో చెప్పాను. అక్క వంటింట్లోకి వెళ్లి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చింది. పాప వెనక గాలిలో పట్టుకొని కొట్టింది. మా ఆయన చెవులు మూసుకున్నాడు.

పాప గాజును ఇటు తిప్పి చప్పరించింది.

అక్క పళ్లెం మెల్లగా కింద పెట్టింది. మా ఆయన పాట కట్టేసి, "ఆటల పడ్డదేమో," అన్నాడు. పాప పక్కన కూర్చున్నాడు. మళ్లీ తనే, "పొద్దుగాల చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం," అన్నాడు.

"నేను గూడ వస్త," అంది అక్క. "ఏడ్వకు చెల్లె. ఇంకా ఏం తెల్వలేదు గదా."

ఈ రాత్రి పాపను తొట్టెల్లో వెయ్యలేదు. నా పక్కనే బొంత మీద పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. ఇందాక మా ఆయన మంచినీళ్ల కోసం లేచి గ్లాసు చప్పుడు చేస్తే, "మెల్లగ, పాప లేస్తది," అన్నాను. ఆయన గ్లాసు పట్టుకొని నా వైపు చూస్తూ నిలబడ్డాడు. గొంతు పెంచి పాపను ఒక్కసారి పిలిస్తే తెలిసిపోతుంది. తెల్లారేదాకా పిలవను.