రాయదుర్గం దారిలో కొర్ర ఆకులు

నిరుడు అగ్గితెగులుకు మా తమ్ముడి కొర్ర చేనంతా పోయింది, ఒక్క మూల తప్ప. ఆ మూలనున్న మొక్కల్ని కంకి వేయకముందే మేకలు మేశాయి. అంతకుముందు ఆ మూలలో తమ్ముడు కోసి ఆరబెట్టిన ఆకులే మిగిలాయి. "ఈసారి గూడ తెగులొస్తే కొర్ర బంద్ అక్కా," అన్నాడు. నానక్‌రామ్‌గూడలోని ఒక ప్రయోగశాల వాళ్లు ఆ ఆకులు చూస్తామన్నారు. పెద్దదాన్ని కనుక నేనే నారాయణపేట నుంచి బయలుదేరాను.

తెల్లవారుజామున పూజ చేసుకుని బస్సెక్కాను. ఎంజీబీఎస్‌లో దిగి మెట్రో పట్టుకుని, అమీర్‌పేటలో మారితే రాయదుర్గమే చివరి స్టేషన్. చేరేసరికి పదకొండు దాటింది. బయట షేర్ ఆటోకు ముప్పై రూపాయలు. సంచిని ఒళ్లో పెట్టుకోవడం చూసి డ్రైవరు అడిగాడు.

"ఏందమ్మా, గట్ల పట్టుకున్నవ్? బంగారమా?"

"ఆకులు నాయనా. పరీక్షకు."

"ఆకులకు గూడ టెస్టులా? జర మాకు గూడ జేపియ్యి. ఈ ట్రాఫిక్‌ల రోజూ వాడిపోతున్నం."

ఆటోలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను. నా వేళ్లకు పసుపు. పొద్దున దేవుడి ముందు ఆకులున్న నాలుగు కవర్లూ తెరిచి, శుభమని చిటికెడు చొప్పున పసుపు వేశాను. వేరే మొక్కది ఏదీ తగలకూడదని ప్రయోగశాల వాళ్లు ఫోనులో గట్టిగా చెప్పారు. పసుపూ మొక్కే కదా. రెండు వైపులా అద్దాల మేడలు జరిగిపోతున్నాయి. చదువుకుంటున్న నామం సగంలో తప్పిపోయింది.

ప్రయోగశాలలో సునీత అనే అమ్మాయి కవర్లు విప్పింది.

"ఇదేంటండీ?"

"నేనే వేశానమ్మా. పూజలో."

ఆమె కోప్పడలేదు. దాంతో ఇంకా భయం వేసింది. కంప్యూటరులో వరి జన్యుపటం చూపించింది. తెగులును తట్టుకునే గుణం ఎక్కడుందో అందులో గుర్తులున్నాయి. వరీ కొర్రా చుట్టాలే కాబట్టి, ఆ గుర్తులను పట్టుకుని కొర్రలోనూ ఆ చోటు వెతుకుతారట. దొరికితే తమ్ముడు దాచిన పాత గింజల్లో అదే గుణమున్న మొక్కలను ఏరుకోవచ్చు. పసుపు పొడి ఆ పరీక్షకే అడ్డు.

మూడు కవర్లు పక్కన పెట్టేసింది. నాలుగోదాంట్లో ఆకు గట్టిగా చుట్టుకుని ఉంది.

"లోపలి మడతకు పోలేదనుకుంటానండి. తుడిచి చూస్తాను. ఫలితం వస్తుందని మాట ఇవ్వలేను."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోనులో ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇగ ఒక్కటే మిగిలిందన్నట్టు. సరే, ఇంటికి రా అక్కా. ఏమన్న తిన్నవా?"

ఇది రాసేటప్పటికి ఫలితం రాలేదు. విత్తే అదను దగ్గర పడుతోంది, తమ్ముడు ఏ విత్తనమూ తేకుండా ఆ ఫలితం కోసమే ఎదురుచూస్తున్నాడు. రోజూ దీపం పెడుతున్నాను కానీ, ఏమి అడగాలో తెలియక ఊరికే చేతులు జోడిస్తున్నాను. ఇలాంటి పరీక్షకు వెళ్లేవారికి ఒక్క మాట. ఆకులు కవర్లో పెట్టగానే దాని మూతి జిగురుతో అంటించేయండి. ప్రయోగశాల చేరేదాకా, దేవుడి ముందైనా సరే, విప్పకండి.